పీహెచ్‌పీ 5.6 సర్వర్‌లో కొత్త ప్లగిన్ ఎక్కించగానే సైట్ తెల్లబోతే ఏం చేయాలి?

మీరు చెప్పిన దాన్ని బట్టి, వర్డ్‌ప్రెస్ కోడ్‌ను నడిపే పీహెచ్‌పీ మీ సర్వర్‌లో 5.6 వెర్షన్. ఫారమ్ ప్లగిన్ కొత్త వెర్షన్‌ను వర్డ్‌ప్రెస్ ఒప్పుకోకపోతే, జిప్ విప్పి ఎఫ్‌టీపీలో (సర్వర్‌కు నేరుగా ఫైళ్లు పంపే పద్ధతి) పాత ఫోల్డర్ మీదే ఎక్కించారు. అప్పటి నుంచి తెల్ల పేజీ. తప్పు ప్లగిన్‌దని హోస్టింగ్ వాళ్లు, సర్వర్‌దని ప్లగిన్ వాళ్లు అంటున్నారు. ఇందులో ప్లగిన్ వాళ్ల మాటే నిజమండీ.

టెన్షన్ పడకండి, డేటాబేస్‌లో ఉన్నది ఎక్కడికీ పోదు. ఎఫ్‌టీపీలో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చేయండి, సైట్ లేస్తుంది. ఫారమ్ వెంటనే కావాలంటే, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ సైట్‌లో ఆ ప్లగిన్ పేజీలోని అడ్వాన్స్‌డ్ వ్యూ నుంచి పాత వెర్షన్ దించుకుని తాత్కాలికంగా వాడుకోండి.

2019లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి, ప్లగిన్ తనకు కనీసం ఏ పీహెచ్‌పీ కావాలో రాసుకుంటే వర్డ్‌ప్రెస్ దాన్ని సర్వర్‌తో సరిచూస్తుంది. ఎఫ్‌టీపీలో నేరుగా ఎక్కిస్తే ఆ కాపలా ఉండదు. సర్వర్ తప్పులు రాసిపెట్టే ఎర్రర్ లాగ్ తెరిస్తే 'పార్స్ ఎర్రర్' (కోడ్ చదవలేకపోయానని) అనీ, అనుకోని చోట ప్రశ్నార్థకం గుర్తు వచ్చిందనీ కనిపించే అవకాశం ఎక్కువ. వరుసగా రెండు ప్రశ్నార్థకాలు రాసే పద్ధతి పీహెచ్‌పీ 7.0తో వచ్చింది, 5.6కు అది అర్థం కాదు. ఆ లైన్ మార్చేస్తే చాలని ఎవరైనా చెబితే వినకండి. అలాంటివి ఇంకెన్ని ఫైళ్లలో ఉంటాయో తెలియదు, పైగా మీ మార్పులు తర్వాతి అప్‌డేట్‌లో తుడిచిపెట్టుకుపోతాయి.

అసలు మందు పీహెచ్‌పీ మార్చడమే. హోస్టింగ్ సెట్టింగులు మార్చే సీప్యానెల్ ఉంటే మల్టీపీహెచ్‌పీ మేనేజర్‌లోనో, సెలెక్ట్ పీహెచ్‌పీ వెర్షన్‌లోనో మార్చుకోవచ్చు. కానీ 5.6 నుంచి ఒక్కసారిగా 8కి దూకకండి. నేను చూసుకునే ఒక పూర్వ విద్యార్థుల సంఘం సైట్‌ను ముందు కాపీ తీసి, ఆ కాపీని 7.4లో నడిపాను. వర్డ్‌ప్రెస్ డీబగ్ లాగ్ ఆన్ చేసి, పేజీలన్నీ ఒకసారి తిరగేసి లాగ్ చూస్తే, థీమ్‌లోని స్లైడర్ ఫైల్‌లో 'క్రియేట్ ఫంక్షన్' అనే పాత పీహెచ్‌పీ ఫంక్షన్ వాడుతున్నారన్న హెచ్చరిక లైన్ నంబరుతో సహా దొరికింది. దాన్ని 8.0లో పూర్తిగా తీసేశారు. నేరుగా 8కి వెళ్లి ఉంటే హోమ్ పేజీయే పడిపోయేది. 8లో విరగబోయే వాటిలో చాలావాటిని 7.4 ముందే చెబుతుంది, అందుకే అక్కడ ఆగమంటాను. ఆ ఒక్క చోట మామూలు అనామక (పేరు పెట్టని) ఫంక్షన్ రాశాక 8లోనూ సాఫీగా నడిచింది.

ఇంకో చిక్కుంది. ఎస్ఎస్‌హెచ్‌లో (కమాండ్లతో సర్వర్‌లోకి వెళ్లే దారి) కనిపించే పీహెచ్‌పీ, సైట్ నడుస్తున్న పీహెచ్‌పీ ఒకటే కావాలని లేదు. వర్డ్‌ప్రెస్ డ్యాష్‌బోర్డ్ టూల్స్‌లో సైట్ హెల్త్, ఇన్ఫో, సర్వర్ దగ్గర చూసిందే నమ్మండి.

5.6కు సెక్యూరిటీ సవరణలు 2018 డిసెంబరుతోనే ఆగిపోయాయి. 2023లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.3 కూడా దాని మీద నడవదు. మీ హోస్ట్ దగ్గర అంతకు మించి లేదంటే హోస్ట్ మార్చేయండి, ఇందులో మొహమాటం వద్దు. లాగ్‌లో ఏ లైనైనా అర్థం కాకపోతే ఇక్కడ పెట్టండి, పాస్‌వర్డ్‌లు, యూజర్ పేర్లు ఉంటే మాత్రం తీసేసి.