కెజిక్‌లో మొదటి ట్రెయిల్ రన్ (మట్టి, రాళ్ల దారుల్లో పరుగు): క్యాట్‌బెల్స్ కన్నా ముందు బటర్‌మియర్

ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్ ఊళ్లో రెండు రోజులు ఉంటాను, రోడ్డు మీద 10 కిలోమీటర్లు పరిగెత్తే అలవాటుంది, నేరుగా క్యాట్‌బెల్స్ కొండ ఎక్కొచ్చా అని అడిగారు కదండీ. మొదటి రోజే వద్దు. బటర్‌మియర్ సరస్సు చుట్టూ తిరగండి. సుమారు 7 కిలోమీటర్లు, దాదాపు చదునే. ఒకచోట దారి కొండరాయిని తొలిచిన చిన్న సొరంగంలోంచి పోతుంది. లోపల చీకటి, కాళ్ల కింద ఎగుడుదిగుడు. అక్కడ మాత్రం నడవండి.

క్యాట్‌బెల్స్ ఎత్తు 451 మీటర్లే, కానీ పైన రాళ్లకు చేతులు ఆనించి ఎక్కాలి. జనం తొక్కి తొక్కి నున్నబడిన రాళ్లవి, వాన పడితే సబ్బులా జారతాయి. తడిగా ఉంటే రెండో రోజు డెర్వెంట్‌వాటర్ సరస్సు చుట్టూ పరిగెత్తండి, సుమారు 16 కిలోమీటర్లు. అలసిపోతే దగ్గర్లోని రేవులో లాంచీ ఎక్కి కెజిక్ వచ్చేయొచ్చు. ఆఖరి లాంచీ టైము ముందే చూసుకోండి. ఎండ కాస్తున్నా రెయిన్ జాకెట్ వదలొద్దు.