సంపన్నులు విరాళాలు ఇచ్చేది పన్ను మిగుల్చుకోవడానికేనా?

కాదు, పన్ను రాయితీ ఒక ప్రోత్సాహకం మాత్రమే, దానం వెనుక సాధారణంగా దయ, దైవభక్తి, సొంత ఊరిపై మమకారం, పేరు నిలవాలన్న కోరిక కలగలిసి ఉంటాయి. అవసరాలకు మించిన ధనం ఉన్నవారికి మరో లక్ష వల్ల పెరిగే సుఖం స్వల్పం కాగా, అదే లక్షను ఇచ్చినప్పుడు కలిగే తృప్తి, సమాజంలో దక్కే గౌరవం చాలా ఎక్కువ.

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఒడిశాలోని జయపురం సంస్థానం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చేవారు. ఆయన స్వయంగా కవి, పండితుడు కనుక అందులో విద్యాభిమానం స్పష్టమే. అక్కడి సైన్స్ కళాశాలకు ఆయన పేరు పెట్టారు. కీర్తి దక్కినంత మాత్రాన విద్యార్థులకు అందిన మేలు ఏమాత్రం తగ్గదని గుర్తించాలి.

ఇస్తే లాభమే మిగులుతుందన్నది చాలామందిలో ఉన్న అపోహ. పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న వ్యక్తి, విరాళంలో 50 శాతాన్ని పన్ను పడే ఆదాయం నుంచి మినహాయించే సంస్థకు లక్ష రూపాయలు ఇస్తే, సెస్సును పక్కన పెట్టి చూస్తే తగ్గే పన్ను సుమారు 15,000 రూపాయలు. మిగతా 85,000 ఆయన సొమ్ము నుంచే పోతుంది. ఇక పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద తమ లాభంలో వెచ్చించే 2 శాతం చట్టం విధించిన బాధ్యతే కనుక, దానిని యజమానుల వ్యక్తిగత దానంగా లెక్కించకూడదు.