ఇంటి జీపీఏకు వీడియో నోటరీ పనికిరాదు, తల్లీ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫైలు రెండుసార్లు చదివాను. తెనాలిలో బావగారు కట్టిన ఇంట్లో నీ వాటా అమ్మే అధికారం తమ్ముడికి ఇస్తూ రాయించిన జీపీఏలో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలో) హద్దులు, కొలతలు సరిపోయాయి. కానీ సంతకం నువ్వు కలంతో చేసింది కాదు, వీడియోలో నోటరీ చూస్తుండగా కంప్యూటర్ మీద చేసింది. దీన్ని పట్టుకుని తమ్ముణ్ణి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపకు.

మీ నోటరీది తప్పేమీ లేదు. వీడియో నోటరీకి అమెరికాలో ముందుగా దారి తెరిచిన రాష్ట్రం మీ వర్జీనియాయే. 2012 నుంచి అక్కడ ఆ చట్టం అమల్లో ఉంది. మన ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం, 2000 కూడా ఎలక్ట్రానిక్ సంతకాన్ని ఒప్పుకుంటుంది. అయితే వీలునామా, ట్రస్టు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ వంటి కొన్నింటిని మినహాయించింది. 2022లో సవరణ చేసినప్పుడు బ్యాంకుల వంటి నియంత్రిత ఆర్థిక సంస్థలకు ఇచ్చే పవర్‌కు మాత్రమే సడలింపు ఇచ్చారు. అక్క తమ్ముడికి ఇచ్చేదానికి కాదు. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి, నాకు ఈ కట్టుబాటు సబబుగానే తోస్తుంది. యజమాని ఊళ్లో లేని ఆస్తుల మీదే దొంగ పవర్లు పుట్టడం కళ్లారా చూశాను.

కాబట్టి అదే పత్రాన్ని కాగితం మీద ప్రింటు తీసి, నోటరీ దగ్గరకు స్వయంగా వెళ్లి, ఆయన ఎదుటే ప్రతి పేజీ మీద కలంతో సంతకం చెయ్యి. విదేశంలో ఉన్నవాళ్లు నోటరీ ముందు గానీ భారత కాన్సులేట్ అధికారి ముందు గానీ రాసి ఇవ్వవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ చెబుతోంది. నోటరీ అయ్యాక మీ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ ది కామన్‌వెల్త్ కార్యాలయంలో అపోస్టిల్, అంటే పత్రం వేరే దేశంలో చెల్లేందుకు ఇచ్చే ధ్రువీకరణ, వేయించు. మన దేశం 2005 నుంచి ఆ అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. అపోస్టిల్ కాగితాన్ని నీ పత్రానికి పిన్ను కొట్టి ఇస్తారు. స్కాన్ బాగా రావాలని ఆ పిన్ను ఊడదీయకు. రంధ్రాలు కనబడితే కాగితం మార్చారన్న అనుమానం వస్తుంది.

కొరియర్ కవరు పారేయవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పు. విదేశంలో రాసిన పత్రం మన దేశం చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టాలి. పత్రం దేశం చేరిన తేదీకి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చూపే రుజువు ఆ కవరు మీది ముద్రే. పంపే ముందు మన సబ్ రిజిస్ట్రార్‌కు ఒకసారి ముసాయిదా చూపించమను, ఏవైనా సవరణలుంటే ముందే తెలుస్తాయి.

ఇక ఈసీ సంగతి, అదే ఇంటి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. దాని మీద పసుపు ప్రశ్నార్థకం, 'సిగ్నేచర్ నాట్ వెరిఫైడ్' అని చూసి నకిలీదనుకుని కంగారు పడ్డావట. చాలాసార్లు అది దొంగ పత్రానికి గుర్తు కాదు. నీ కంప్యూటర్‌కు ఆ సంతకం వెనకున్న ధ్రువీకరణ సంస్థ పరిచయం లేదు, అంతే. సంతకం మీద నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరువు. సంతకం చేసినది ఎవరో, అన్నింటికన్నా పైన సీసీఏ ఇండియా (ధ్రువీకరణ సంస్థల మీద ఉండే ప్రభుత్వ కంట్రోలర్) పేరు ఉందో లేదో చూడు. ఉంటే దాన్ని నమ్మదగినవాటిలో చేర్చి మళ్లీ తనిఖీ చెయ్యి, ఆకుపచ్చ టిక్కు వస్తుంది. చూడకుండా మాత్రం చేర్చకు.

ఈసీ మీది డిజిటల్ సంతకం ప్రాణం ఫైల్లోనే ఉంటుంది. ప్రింటు తీసి స్కాన్ చేస్తే మిగిలేది బొమ్మ. లోపల ఒక్క అంకె మార్చినా సంతకం చెడిపోయిందని ఫైలే చెబుతుంది. తమ్ముడికి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగానే పంపు.

జీపీఏ మూడో పేజీలో బావగారి ఇంటిపేరు అమ్మకపు దస్తావేజులో ఉన్నట్టు లేదు, ఒక అక్షరం తేడా ఉంది. ప్రింటు తీసే ముందు దిద్దించు.

ఇట్లు,
మీ మామయ్య