ఎనిమిదో ఏట ఎలా ఉంటుందో చూసి కారు కొనమ్మా

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. ఆన్‌రోడ్ ధరలో పెద్ద తేడా లేదు. మొదటిది చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్, డ్రై క్లచ్ డీసీటీ గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), పైకప్పంతా అద్దం ఉండే పనోరమిక్ సన్‌రూఫ్, పెద్ద టచ్ స్క్రీన్, చుట్టూ చూపించే 360 కెమెరా, అడాస్ (కెమెరా, రాడార్‌లతో డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు) అన్నీ ఉన్న టాప్ వేరియంట్. రెండోది టర్బో లేని మామూలు పెట్రోల్ ఇంజిన్, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, చిన్న స్క్రీన్ ఉన్న మధ్య వేరియంట్. "అదే డబ్బుకి అందులో ఇన్ని వస్తుంటే, ఇది కొనడం నష్టం కాదా మామయ్యా" అని అడిగావు. ఫోన్లో చెప్పి తేల్చే మాట కాదు కాబట్టి రాస్తున్నాను. నా బతుకంతా ఆటోనగర్‌లో కార్ల కిందే గడిచింది. షోరూమ్‌లో నీకు చూపించని వైపు నుంచి చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది ఈ కారు ఎన్నేళ్లు ఉంచుకుంటావన్నది. మూడు నాలుగేళ్లకి మార్చేసేవాళ్లు మనసుకి నచ్చింది కొనుక్కోవచ్చు. వారంటీ ఉండగానే అమ్మేస్తారు, ఆ తర్వాత ఖర్చు కొన్నవాడు పడతాడు. మీ ఇంట్లో అలా కాదు, కారంటే పదేళ్లు ఉండాల్సిందే. ఇప్పుడున్న హ్యాచ్‌బ్యాక్‌నే చూడు, ఇంకా దాన్ని అమ్మడానికి నీకు మనసు రావడం లేదు. అలాంటివాళ్లు డెలివరీ రోజు సంబరాన్ని పక్కనపెట్టి, ఎనిమిదో ఏట వర్షాకాలంలో పొద్దున్నే ఆ బండి ఎలా స్టార్టవుతుందో ఆలోచించి కొనాలి.

నేనైతే కారులో ఉన్నవాటిని రెండు రకాలుగా విడగొడతాను: తర్వాతైనా పెట్టించుకోగలిగినవి, కొన్నాక ఎప్పటికీ మార్చలేనివి. మంచి స్పీకర్లు, డాష్‌క్యామ్, రివర్స్ కెమెరా, సీటు కవర్లు, టైర్లలో గాలి చూపించే మీటరు, ఇవన్నీ ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. వైర్లు కోయకుండా కప్లర్‌తో బిగించేవాడి దగ్గరికి వెళ్తే చాలు. ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ గట్టిదనం, సస్పెన్షన్, సీటు ఎత్తు మాత్రం ఎంత డబ్బు పెట్టినా తర్వాత రావు. మీ అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలిసిందే కదా. ఆవిడ వంగకుండా, ఎక్కకుండా నేరుగా కూర్చోగలిగే సీటు ఏ కారులో ఉందో చూశావా? టెస్ట్ డ్రైవ్‌కి చెల్లాయిని తీసుకెళ్లు. సన్‌రూఫ్ ఫ్రేమ్ వల్ల వెనక సీట్లో తలకి జాగా తగ్గుతుంది, అల్లుడుగారు పొడగరి కాబట్టి ఆయన్నీ వెనక కూర్చోబెట్టి చూడు.

ఇక గేర్‌బాక్స్. నువ్వు రోజూ తిరిగేది మియాపూర్ నుంచి గచ్చిబౌలికి. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. డ్రై క్లచ్ డీసీటీలో రెండు క్లచ్ ప్లేట్లు ఉంటాయి, వాటిని చల్లబరిచేది గాలి మాత్రమే. హైవే మీద అది వెన్నలా గేర్లు మారుస్తుంది, మైలేజీ కూడా ఇస్తుంది, అందులో వంక పెట్టను. కానీ బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి అడుగు అడుగు కదిలేటప్పుడు అది చేసేది హాఫ్ క్లచ్ డ్రైవింగే. మాన్యువల్ కారులో హాఫ్ క్లచ్ మీద నిలబెడితే వచ్చే మాడు వాసన నీకు తెలుసు. అక్కడ నీ కాలు చేసే పని ఇక్కడ కంప్యూటర్ చేస్తుంది, అంతే తేడా. వేడి ఎక్కువైతే మీటర్లో హెచ్చరిక వస్తుంది, బండి పక్కన ఆపి చల్లారేదాకా ఆగాలి. వెట్ క్లచ్ డీసీటీలో ప్లేట్లు ఆయిల్‌లో ఉంటాయి కాబట్టి కొంత నయం.

టార్క్ కన్వర్టర్‌లో బండి కదిలేది ద్రవం మీద. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇక్కడ ఆయిల్ ఒకవైపు నుంచి రెండోవైపుని తిప్పుతుంది. ట్రాఫిక్‌లో పాకేటప్పుడు అరిగే ప్లేటు లేదు. ఆయిల్ సమయానికి మారిస్తే చాలా ఏళ్లు పలకరించదు. మైలేజీ ఒకటి రెండు కిలోమీటర్లు తక్కువ రావచ్చు, తొక్కగానే ఎగిరి దూకదు. నీ తిరుగుడికి అది చాలు. పండగలకి 65వ నంబరు హైవే మీద విజయవాడ వచ్చిపోవడానికి కూడా చాలు. స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌కి తోడు కరెంటు మోటారుతోనూ నడిచే కారు) కొనే స్తోమత ఉంటే అదీ ట్రాఫిక్‌కి బాగా పనికొస్తుంది కానీ, నీ బడ్జెట్ దాటుతుంది, కాబట్టి దాని జోలికి వెళ్లడం లేదు.

సన్‌రూఫ్ గురించి పిల్లలు పట్టుబడుతున్నారన్నావు. అది వద్దని కాదు, అదేంటో తెలిసి కొను. అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీళ్లని పూర్తిగా ఆపడానికి కాదు. కొన్ని నీళ్లు లోపలికి దిగుతాయనే లెక్కతోనే అద్దం కింద ఒక కాలవ పెడతారు. ఆ కాలవ మూలల్లో వేలు కూడా దూరనంత చిన్న రంధ్రాలు, వాటికి సన్నని గొట్టాలు. అవి పైకప్పుని మోసే స్తంభాల లోపల్నుంచి వచ్చి కారు కిందికి నీళ్లు వదులుతాయి. మీ అపార్ట్‌మెంట్‌లో కారు వేపచెట్టు కింద నిలబడుతుంది కదా. పూత, దుమ్ము, పండుటాకుల ముక్కలు కలిసి ఆ రంధ్రంలో ముద్దగా పట్టేస్తాయి. తొలకరి వానకి నీళ్లు వెనక్కి తన్ని, టాప్ లైనింగ్ తడిసి, స్తంభం లోపల్నుంచి కార్పెట్ కిందికి దిగుతాయి. కార్పెట్ కింద వైర్ల కనెక్టర్లు ఉంటాయి. ఏవో లైట్లు వెలుగుతాయి, ఏదో సెన్సర్ పనిచేయదు, ఎవరికీ కారణం దొరకదు. పైన మచ్చ కనపడేసరికి కింద కనెక్టర్లకి చిలుము పట్టి ఉంటుంది. కొనాలనే ఉంటే ఏటా మే నెలలో ఆ మూలలు శుభ్రం చేయించు. గ్లాసుడు నీళ్లు మూలలో పోసి కింద చక్రం దగ్గర కారుతున్నాయో లేదో చూడమను. గట్టి తీగ పొడవనివ్వకు, గొట్టం ఊడిపోతుంది.

ఫీచర్ పెట్టేటప్పుడు అయ్యే ఖర్చు వేరు, అది పాడైనప్పుడు అయ్యే ఖర్చు వేరు. ఒకప్పుడు హెడ్‌లైట్ పోతే కొన్ని వందలతో బల్బు మార్చేవాళ్లం. ఇప్పటి ఎల్ఈడీలు చాలావాటిలో బల్బు విడిగా రాదు, డూమ్ (లైటు గూడు) మొత్తం మార్చాలి. 360 కెమెరా ఉన్న కారులో సైడ్ మిర్రర్ అంటే అద్దం, మోటారు, ఇండికేటర్, కెమెరా అన్నీ కలిపి. హైదరాబాద్‌లో బైకువాళ్లు ముందు రాసుకుపోయేది ఆ మిర్రర్‌నే. అడాస్ కెమెరా ముందు అద్దం మీద ఉంటే, అద్దం మార్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని చూపు గురి సరిచేయించాలి.

ఇక్కడ ఇన్సూరెన్స్ లెక్క కూడా తెలుసుకో. మన దగ్గర కారు నాలుగేళ్లు దాటి ఐదో ఏడు నడిచేసరికి ఐడీవీ (ఇన్సూరెన్స్ వాళ్లు కారుకి కట్టే విలువ) కంపెనీ ధరలో సగానికి వస్తుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగడతారు. జీరో డెప్ (పార్టుల అరుగుదల కింద డబ్బు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం డబ్బు నువ్వే కట్టాలి. పాత బండికి జీరో డెప్ దొరకడం కష్టం, దొరికినా ప్రీమియం ఎక్కువ. అంటే బంపరు, డూమ్, రాడార్, మిర్రర్ కలిసి దెబ్బతింటే, ఇంజిన్ బ్రహ్మాండంగా ఉన్న కారు కూడా కాగితం మీద తుక్కు అయిపోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు బెజవాడ జనం ఇది కళ్లారా చూశారు. సీటు కింద ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు, నేల మీద వైరింగ్ ఎంత ఎక్కువగా ఉంటే నీళ్లకి అంత నష్టం.

పెద్ద స్క్రీన్ గురించి ఎక్కువ చెప్పను. ఫోన్ కలిపితే మ్యాప్, పాటలు వచ్చేది ఏదైనా చాలు, ఎందుకంటే ఫోన్ నువ్వు ఎలాగూ మారుస్తుంటావు. ఏసీకి మాత్రం తిప్పే నాబ్‌లు, నొక్కే బటన్లు ఉన్న కారే తీసుకో. రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా చెయ్యి వెతుక్కోగలగాలి.

ఒక్క విషయంలో నాతో వాదన పెట్టుకోకు. భద్రతని ఫీచర్ల లెక్కలో వేయకు. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ, పిల్లల సీటుకి ఐసోఫిక్స్ కొక్కేలు, వెనక మధ్య సీటుకి మూడు పాయింట్ల బెల్టు లేని కారు ఎంత గట్టిదైనా వద్దు. కార్లని గుద్దించి చూసి స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష 2023 అక్టోబరు నుంచి నడుస్తోంది. పెద్దల స్కోరు, పిల్లల స్కోరు విడివిడిగా ఇస్తారు, రెండూ చూడు. అడాస్‌లో తనంతట తాను బ్రేకు వేసేది ఒక్కటి నిజంగా పనికొచ్చేదే, దాన్ని నేను తక్కువ చేయను. రెండో కారులో ఒక మెట్టు పై వేరియంట్‌లో అది వస్తుందేమో అడుగు. వస్తే దానికోసం కొంచెం ఎక్కువ పెట్టడం తప్పు కాదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. ఆ రెండు మోడళ్లలో ఆరేడేళ్ల పాత బండి వెతికి చూడు. మోడల్ కొత్తదైతే అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉన్న పాత కారు ఆ కంపెనీదే ఉంటుంది. డ్రైవర్ సీటు పక్క అంచు నలిగిందా, స్టీరింగ్ తోలు పొట్టు లేస్తోందా, స్విచ్‌ల మీద గుర్తులు చెరిగాయా చూడు. తలుపు తెరిచి కింద అంచుని వేలితో తడుము. అక్కడ నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. బుడిపెలు తగిలితే తుప్పు లోపల్నుంచి మొదలైనట్టు. టాక్సీగా తిరిగే మోడల్ అయితే డ్రైవర్‌ని పలకరించు. లక్షన్నర కిలోమీటర్లు తిప్పినవాడు సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్ బుష్షులు ఎప్పుడు మార్చాడో, క్లచ్‌కి ఎంతైందో నిజం చెబుతాడు. యూట్యూబ్‌లో రివ్యూ చెప్పేవాళ్లకి ఆ బండి చేతిలో ఉండేది కొద్ది రోజులే.

టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్‌లో ఎక్కువ తిరిగిన డెమో కారే అడుగు. పాటలు, ఏసీ ఆపి, అద్దాలు ఎక్కించి, పాడైన రోడ్డు మీద నెమ్మదిగా నడుపు. డాష్‌బోర్డు కిర్రుమంటుందా, కింద నుంచి టకటకమంటుందా చెవి పెట్టి విను. పెద్ద అల్లాయ్ చక్రాలున్న వేరియంట్ గుంతల్లో ఎలా కొడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది. పలచని టైరు పక్కల ఉబ్బితే రిపేరు లేదు, మార్చడమే.

తర్వాత సేల్స్ వాళ్లని వదిలేసి సర్వీస్ సెంటర్లో పార్టుల కౌంటర్‌కి వెళ్లు. హెడ్‌లైట్, ముందు అద్దం, సైడ్ మిర్రర్, ఒక షాకబ్జర్, క్లచ్ సెట్, ఈ ఐదింటి ధరలు రాయించుకో. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాన్యువల్‌కి ఎంత, ఆ ఆటోమేటిక్‌కి ఎంత అని అడుగు. తన గేర్‌బాక్స్ మీద కంపెనీకే ఎంత నమ్మకముందో ఆ తేడాలో కొంత తెలుస్తుంది. కొత్తగా వచ్చిన మోడల్ మొదటి ఏడాది కొనకు. మన దేశంలో అమ్మకాలు తగ్గుతున్న కంపెనీ జోలికీ వెళ్లకు. షెవర్లే 2017లో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటప్పుడు ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు బయట దొరుకుతాయి, ఆ బండికే ప్రత్యేకమైన స్క్రీన్లూ మాడ్యూళ్లే దొరకవు.

నా మాట అడిగితే రెండోదే తీసుకో. చేతిలో ఉన్నంతలో ఎక్స్‌టెండెడ్ వారంటీ, మంచి టైర్లు, డాష్‌క్యామ్ పెట్టించు. ఆ ధరల కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, అది చూసి చెప్పేదాకా బుకింగ్ డబ్బు కట్టొద్దు.

మీ మామయ్య