బరంపురంలో ఉన్న అమ్మలుకి పెద్దమ్మ ఉత్తరం

పర్లాకిమిడి

అమ్మలూ,

"సండే స్కూల్లో ఇన్నేళ్ళూ పిల్లలకి దేవుడు మంచివాడని చెప్పాను పెద్దమ్మా, ఇప్పుడు ఆ మాట నా నోట రావడం లేదు" అన్నావు. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదని రాస్తున్నాను. ఒకేసారి చదవలేకపోతే పక్కన పెట్టి తర్వాత చదువు.

ముందు ఒకటి చెప్తాను. అల్లుడికి కిడ్నీలు పాడవడం మంచిది కాదు. దాన్ని మంచి అని పిలవమని దేవుడు నిన్ను అడగడం లేదు. ఆయన మంచివాడని నమ్మడం వేరు, వచ్చిన కష్టాన్ని మంచిదనడం వేరు. ఈ రెండూ కలిపేసుకుంటే ఊపిరాడదు.

పరామర్శకి వచ్చినవాళ్ళు "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి" అన్నారట. నాకు చాలా బాధేసింది. అల్లుడు పుట్టింది కవిటి పక్కన. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఉద్దానం ప్రాంతంలో ఇంటింటా ఉన్న జబ్బు అది. 1990ల నుంచీ డాక్టర్లు నీళ్ళు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఎండలో పని గురించి ఆలోచించారు. ఇదీ కారణం అని ఒక్కటి తేల్చలేకపోయారు. అన్నీ పరీక్షించినవాళ్ళకే తెలియంది, మన ముందు గదిలో కూర్చుని టీ తాగినంతసేపట్లో వీళ్ళకి ఎలా తెలిసింది? 2018లో తిత్లీ తుపానుకి మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయినప్పుడు కూడా ఇలాంటి మాటలే విన్నాను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ప్రభువే ఎత్తాడు. వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. లూకా సువార్త 13వ అధ్యాయం తీసి చూడు. ఇక ఆ ప్రశ్నతో నీ రాత్రులు పాడుచేసుకోకు.

బైబిల్లో అన్ని కష్టాలు పడ్డ యోబుకి కూడా చివరిదాకా కారణం తెలియలేదు. చదివే మనకి తెలుస్తుంది గానీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. అయినా దేవుడు కోప్పడింది కారణాలు చెప్పిన స్నేహితుల మీద. నిలదీసిన యోబు మీద కాదు.

అందుకే ప్రార్థన రావడం లేదని బెంగపడకు, నిలదీయడం కూడా ప్రార్థనే. 88వ కీర్తన చదువు. కీర్తనల్లో అంత చీకటిగా ఉండేది ఇంకొకటి నాకు కనబడలేదు. ఆఖరి మాట కూడా చీకటే, స్తోత్రంతో ముగియదు. కానీ ఆ మనిషి మొదటి నుంచి చివరిదాకా ఎవరితో మాట్లాడుతున్నాడో చూడు. దేవుడితోనే. మొహం తిప్పుకోలేదు. నీకిప్పుడు కావలసిన విశ్వాసం అంతే అమ్మలూ. రాత్రి అందరూ పడుకున్నాక గట్టిగానే చెప్పు, "నాకు కోపంగా ఉంది, భయంగా ఉంది, ఎన్నాళ్ళు" అని. తెలుగులో మొదలై మధ్యలో ఒడియాలోకి వెళ్తే వెళ్ళనీ. మార్త, మరియ ఇద్దరూ "నువ్వు ఇక్కడుంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు" అని ప్రభువు ముఖం మీదే అన్నారు. ఆలస్యంగా వచ్చింది ఆయనే కదా. వాళ్ళని తిట్టలేదు. లాజరును లేపుతానని తెలిసి కూడా వాళ్ళతోపాటు ఏడ్చాడు.

మరి ఆయన మంచివాడని దేన్ని బట్టి నమ్మాలి అంటావు. రిపోర్టులు చూసి మాత్రం కాదు. క్రియాటినిన్ తగ్గిన రోజు మంచివాడు, పెరిగిన రోజు కాడు అంటే ఆ నమ్మకం వారం కూడా నిలవదు. నేను సిలువను చూసి నమ్మాను. "నన్నెందుకు విడిచిపెట్టావు" అని ఆయనే అరిచాడు, నీ ప్రశ్న ఆయన నోట్లోనూ ఉంది. మీ పెదనాన్న పోయినప్పుడు ఎందుకు అన్నదానికి జవాబు రాలేదు, ఇప్పటికీ లేదు. కానీ నా పొయ్యి వెలగని రోజుల్లో పక్కింటి ఒడియా ఆవిడ అడగకుండానే పఖాళ చద్దన్నం, వడియాలు నలిపి చేసిన బడి చూరా తెచ్చి పెట్టి, నేను తినేదాకా కూర్చునేది. ఆవిడని ఎవరు పంపారో నాకు అనుమానం లేదు.

సమస్తమూ మేలుకే అనే రోమా 8 వచనం నీకు అందరూ వాట్సాప్‌లో పంపుతున్నారని తెలుసు. అది నిజమే. కానీ దానికి కాస్త పైనే సృష్టి అంతా మూలుగుతోందనీ, మాటలు రాని మూలుగులతో ఆత్మ మన కోసం వేడుకుంటున్నాడనీ ఉంది. అక్కడి నుంచి చదువు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను. విశ్వాసం ఉంటే డయాలసిస్ ఎందుకు అన్నవాళ్ళ మాట వినకు. ఒక్క సిట్టింగ్ కూడా మానొద్దు. ప్రార్థించి ఇచ్చాం కదా అని కొబ్బరినీళ్ళు పట్టించనివ్వకు, పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. నొప్పి బిళ్ళలు డాక్టరుని అడక్కుండా వద్దు. నీళ్ళు ఆయన చెప్పిన కొలతే. డాక్టరు చేతులు కూడా దేవుడిచ్చినవే.

ఆదివారం మందిరానికి వెళ్ళు, వెనక వరసలో కూర్చో. పాడబుద్ధి కాకపోతే పాడకు, నీ బదులు పక్కవాళ్ళు పాడతారు. సంఘం ఉన్నది అందుకే. సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగితే, ఇప్పుడు కాదండీ అని చెప్పేయ్. ఎవరైనా ఏం సాయం కావాలి అంటే "ఏం వద్దు" అనకు, పని చెప్పు. ఒకరు పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురానీ, ఇంకొకరు ఆసుపత్రిలో తోడు కూర్చోనీ.

మంగళవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. బుధవారం అల్లుడితో డయాలసిస్‌కి నేను వెళ్తాను, నువ్వు ఇంట్లో పడుకో. పిల్లల బాక్సులు కూడా నేనే కడతాను. ఉప్పు తక్కువ వంటకి ఏమేం వాడొచ్చో డాక్టరు రాసిచ్చిన కాగితం ఫోటో తీసి పంపు, సరుకులు ఇక్కడి నుంచే తెస్తాను.

నీ పెద్దమ్మ