హెర్నియా ఆపరేషన్‌లో దోమతెర గుడ్డ వాడతారా? మా నాయినకు వాడారు

అడిగిన ప్రశ్న ఇది: "మా బాబాయికి గజ్జల్లో హెర్నియా. ఆపరేషన్‌లో వేసే జాలీకే వేలల్లో అవుతుందన్నారు. దోమతెర గుడ్డతో కూడా చేస్తారని ఎవరో చెప్పారు. నిజమేనా? ప్రమాదం ఉండదా?"

నిజమే. హెర్నియా అంటే కడుపు గోడలో బలహీనపడ్డ సందులోంచి పేగు బయటికి జారడం. జాలీ అంటే ఆ సందు మీద వేసే ప్లాస్టిక్ వల (మెష్). మా నాయినకు దానికి బదులు దోమతెర గుడ్డే వేశారు. ఇరవై ఏళ్లు దాటింది, వేసిన చోట మళ్లీ జారలేదు.

మాది హాలియా దగ్గర పల్లె. నాయిన మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీ. గజ్జల్లో గడ్డ లేచిన చాలాకాలం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పడుకుంటే లోపలికి పోయేది, బస్తా ఎత్తితే బయటికొచ్చేది. లంగోటి బిగించి కట్టుకుని పనికి పోయేవాడు. ఆఖరికి ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఆపరేషన్ చేయించాం. జాలీ వేయాలంటే ఆ డబ్బు వేరే, ముందే కట్టాలన్నారు. ఆపరేషన్ ఖర్చుకే మిల్లు మేస్త్రీ దగ్గర అప్పు తెచ్చాం, ఇంకెక్కడి నుంచి తెస్తాం? ఉత్త కుట్లతో సరిపెట్టారు. కొంతకాలం బాగానే ఉండి, మళ్లీ అదే చోట జారింది.

కుట్లు పనికిరావని అనను. ఇటలీలో బస్సీని అనే సర్జన్ 1880లలో మొదలుపెట్టిన పద్ధతి, చేయి తిరిగిన డాక్టరు చేస్తే నిలుస్తుంది. కానీ దూరంగా ఉన్న కండను లాగి కుడతారు కాబట్టి ఆ కుట్టు మీద ఎప్పుడూ గుంజుడు ఉంటుంది. బస్తాలు మోసే మనిషికి ఆ గుంజుడు తట్టుకోవడం కష్టం. జాలీ వేస్తే గుంజాల్సిన పని లేదు. సందు మీద పరిచి అంచులు కుడతారు, దాని కళ్లలోంచి మన కండే అల్లుకుపోతుంది. అమెరికాలో లిక్టెన్‌స్టీన్ 1980లలో ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాక ప్రపంచమంతా దీనికే మారింది. డబ్బులేని వాడు మాత్రం పాత కుట్ల దగ్గరే ఉండిపోయాడు.

రెండోసారి దేవరకొండ దిక్కు ఒక చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి సర్జన్ సారు మా ముందే డబ్బు సంగతి అడిగి, బీరువాలోంచి తెల్లటి గుడ్డముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఇది దోమతెర గుడ్డ, శుద్ధి చేసి జాలీకి బదులు వేస్తాను, దీనికి మీ దగ్గర పైసా తీసుకోను అన్నాడు. అమ్మకు కోపం ఆగలేదు.

"గరీబోళ్లమని దోమతెర పెడ్తరా సారూ మా మనిషి కడుపుల?"

నేను అమ్మ చెయ్యి పట్టి ఆపబోయాను. సారు నన్నే ఆపి, కంపెనీ జాలీ ముక్క ఒకటి తెచ్చి దీని పక్కన పెట్టాడు. "నువ్వే పట్టి చూడమ్మా" అన్నాడు. అమ్మ రెండూ చేతిలోకి తీసుకుని లాగింది, గోటితో గీకింది, కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పెట్టి చూసింది. కంపెనీది కొంచెం మందంగా, బిరుసుగా ఉంది. దోమతెర పల్చగా, మెత్తగా ఉంది. తర్వాత అమ్మ అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తే: "బజార్ల అమ్మే తెరలకు దోమల మందు కొడ్తరు గద సారూ. దీనికి ఉన్నదా?"

సారు ముఖం వెలిగిపోయింది. అసలు అడగాల్సిన ప్రశ్న అదేనమ్మా అన్నాడు. మందు కలిపిన తెర ఒంట్లో పెట్టకూడదు, ఇది మందు కలపని గుడ్డ, ఏ దారంతో నేశారో తెలుసుకునే తెప్పించాను అని చెప్పాడు. మహారాష్ట్రలో ధూళే జిల్లా దొండాయిచాలో తొంగావ్‌కర్ అనే సర్జన్ ఇది మొదలుపెట్టాడని, పల్లె సర్జన్ల సభలో ఆయన చెప్పగా విన్నానని కూడా అన్నాడు. అమ్మ ఒప్పుకుంది. నాయిన అడిగింది ఒక్కటే, మళ్లీ బస్తా ఎప్పుడు ఎత్తొచ్చని.

మన దగ్గర జాలీ అంటే పెద్దాసుపత్రి వస్తువు, ఖరీదెక్కువైతే మంచిదనే నమ్మకం పాతుకుపోయింది. డాక్టర్లే కొందరు దాన్ని పెంచి పోషిస్తున్నారు. "ఇంపోర్టెడ్ వేయమంటారా, మామూలుదా?" అని రోగి బంధువును అడుగుతారు. ఆపరేషన్ టెన్షన్‌లో ఉన్న వాడు ఏం చెబుతాడు? మామూలుదంటే మనిషి మీద ప్రేమ లేనట్టు. అది అడగాల్సిన ప్రశ్నే కాదు. జాలీ ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారమే. తొంగావ్‌కర్ బృందం 2003లో ప్రచురించిన 359 హెర్నియాల అనుభవంలో వాడిన దోమతెర కూడా పాలిథిన్, పాలీప్రొపిలీన్ కలిసిన దారంతో నేసిందే. ఉగాండాలో 302 మంది మగవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కంపెనీ జాలీ, ఇంకో గుంపుకు శుద్ధిచేసిన దోమతెర వేసి ఏడాది తర్వాత చూశారు. ఆ ఫలితం 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. మళ్లీ జారింది దోమతెర గుంపులో ఒక్కరికి, కంపెనీ జాలీ గుంపులో ఎవరికీ లేదు. చీము, వాపు లాంటి ఇబ్బందులు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కానీ దయచేసి ఎవరూ కిరాణా కొట్లో తెర కొనుక్కుని డాక్టరు దగ్గరికి పోకండి. బజారులో దొరికే వాటిలో పాలిస్టర్‌వి, నూలువి ఉంటాయి, మందు పట్టించినవీ ఉంటాయి. పాలిథిన్ తెరను ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, 121 డిగ్రీల దగ్గర శుద్ధి చేయాలి. 134 డిగ్రీలకు పెడితే ముడుచుకుని పాడైపోతుంది. గుడ్డ చవకే కానీ దాన్ని తయారుచేసే పద్ధతిలో చవకతనం కుదరదు.

ఇప్పుడు మీ బాబాయి సంగతి. ఈ రోజుల్లో మీరు దోమతెరే కావాలని పట్టుబట్టినా చాలామంది డాక్టర్లు వేయరు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి. లైసెన్స్ లేని గుడ్డ వేసి కేసులో ఎవరు ఇరుక్కుంటారు? వాళ్లను తప్పుపట్టను. తప్పు ప్రభుత్వానిది. గుండె స్టెంట్‌లకు 2017లో గరిష్ఠ ధర కట్టారు, అదే ఏడాది మోకాలి ఇంప్లాంట్లకూ కట్టారు. జాలీకి కూడా అలా కట్టాలి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ఇదే గుడ్డను లైసెన్స్‌తో, సరైన పరీక్షలతో మన దగ్గరే తయారుచేయించి ఆ ఆసుపత్రుల్లో వేయొచ్చు. హమాలీలు, గీత కార్మికులు, వలస కూలీలు ఇంతమంది ఉన్న ప్రాంతానికి ఇది చిన్న ఖర్చు.

మీరు ముందు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు (మహబూబ్‌నగర్) ఒకటి. ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి బాబాయి కేసు వర్తిస్తుందేమో అడగండి. ప్రైవేటుకే పోవాల్సి వస్తే ఇంపోర్టెడ్ మాటలకు లొంగకుండా దేశీ కంపెనీ మామూలు పాలీప్రొపిలీన్ జాలీ వేయమనండి. బిల్లులో దాని పేరు, ధర విడిగా రాయించుకోండి.

మెడికల్ షాపులో అమ్మే హెర్నియా బెల్టుకు మాత్రం డబ్బు పెట్టకండి. అది గడ్డను కప్పుతుంది, సందును మూయదు. మా నాయిన లంగోటి చేసింది కూడా అదే.

వాయిదా వేయొద్దని బాబాయికి గట్టిగా చెప్పండి. పడుకున్నా గడ్డ లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి పెరిగి, వాంతులు మొదలైతే పేగు బిగుసుకుపోయినట్టు. అప్పుడు జాలీ ధర, అప్పు, తెల్లవారాక చూద్దాం అనే మాటలన్నీ పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.