బండి సందేహాలు: నాబ్ తిప్పితే లైటు కొట్టుకుని ఆరిపోతోంది

ప్రశ్న: అన్నా, మాది బోడుప్పల్. వికారాబాద్ దగ్గర పొలానికి పోయిరావడానికి ఏడాది కింద ఒక పాత ఫోర్ బై ఫోర్ బండి కొన్నాను. గేరు రాడ్ పక్కన 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని తిప్పే నాబ్ ఉంది. మొదట్లో బాగానే పడేది. ఈ వానలు మొదలైనప్పటి నుంచి 4హెచ్‌కు తిప్పితే మీటరులో లైటు కాసేపు కొట్టుకుని ఆరిపోతోంది. నాబ్‌ను గట్టిగా నొక్కి పట్టుకుంటే ఒక్కోసారి పడుతోంది. షెడ్డులో చూపిస్తే స్విచ్ పోయింది, కంట్రోల్ బాక్సు కూడా మార్చాలి, 22 వేలు అవుతుందన్నారు. ఇంట్లోనే చూసుకునే దారి ఉందా? మల్టీమీటర్ వాడటం కొంచెం తెలుసు.

జవాబు: ఉంది. ఆ 22 వేలు ఇప్పుడే ఇవ్వకండి. రెండు ఆదివారాలు పొద్దున పూట కేటాయిస్తే తప్పు ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

ముందు ఆ నాబ్ పనేమిటో చూద్దాం. 2హెచ్ అంటే రెండు చక్రాలకే ఇంజన్ బలం, 4హెచ్ అంటే నాలుగింటికీ, 4ఎల్ అంటే నాలుగింటికీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో. మా నాయన రామంతాపూర్‌లో జీపులు బాగుచేసే రోజుల్లో నాబ్‌లు లేవు. పొడుగు రాడ్ ఉండేది, చేత్తో లాగితే ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే ఇంజన్ బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచే పెట్టెలో, పళ్లు కలిసేవి, కలిసింది లేనిదీ అరచేతికి తెలిసేది. మీ బండిలో ఆ పని ఒక చిన్న మోటారు చేస్తుంది. అది కింద ట్రాన్స్‌ఫర్ కేసుకే బిగించి ఉంటుంది. మీరు నాబ్ తిప్పగానే కంట్రోల్ బాక్సుకు ఒక చిన్న సిగ్నల్ పోతుంది, అంతే. ఆ బాక్సు రిలే ద్వారా, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్ ద్వారా, మోటారును తిప్పిస్తుంది. మోటారు ఎంతవరకు తిరిగిందో దానిలోనే ఉన్న సెన్సర్ తిరిగి బాక్సుకు చెబుతుంది. పని పూర్తయిందని సెన్సర్ చెప్పేదాకా లైటు కొట్టుకుంటుంది. అంటే నాబ్ అడిగేది మాత్రమే. ఈ వరుసలో ఎక్కడ తెగినా మనకు కనిపించేది మాత్రం ఆ లైటే, చెయ్యి పడేది నాబ్ మీదే. అందుకే ప్రతివాళ్లూ మొదట స్విచ్ పోయిందంటారు.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ‘నొక్కి పట్టుకుంటే పడుతోంది’ అన్నది. దీనికి రెండు అర్థాలున్నాయి. ఒకటి, నాబ్ లోపలి కాంటాక్టు గానీ దాని వెనక వైర్లు కలిసే ప్లగ్గు, అంటే కప్లర్ గానీ వదులై ఉండవచ్చు. మీరు తిప్పగానే అడిగినట్టయింది, బాక్సు పని మొదలుపెట్టింది, మధ్యలో సిగ్నల్ తెగింది, లైటు ఆరిపోయింది. ఇక రెండోది. మీరు నొక్కి పట్టుకున్న ఆ నాలుగైదు సెకన్లలో బండి కొంచెం కదిలి, లోపల పళ్లు ఒకదాని సందులోకి మరొకటి చేరి కలిసిపోయి ఉండవచ్చు. అప్పుడు మీ వేలికీ దానికీ సంబంధమే లేదు. ఈ రెండింటినీ విడదీయడం తేలిక. మీ పొలం దారి మట్టిదే కదా, అక్కడ నాబ్‌ను 4హెచ్‌కు తిప్పి చెయ్యి తీసేయండి. నొక్కవద్దు. నెమ్మదిగా తిన్నగా ఓ ఇరవై అడుగులు పోనివ్వండి, యాక్సిలరేటర్ వదిలేయండి. ఇలా పది సార్లు చేసి ఎన్నిసార్లు పడిందో కాగితం మీద రాసుకోండి. తర్వాత నొక్కి పట్టుకుని మరో పది సార్లు. రెండు అంకెల్లో పెద్ద తేడా వస్తే తప్పు నాబ్ వైపు ఉంది. తేడా లేకపోతే నాబ్‌ను వదిలేసి కిందికి చూడాలి.

ఇంట్లో పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ కేసు 4హెచ్‌కూ 4ఎల్‌కూ మధ్యలో న్యూట్రల్‌లో ఆగిపోయిందంటే బండి గేరులో ఉన్నా దొర్లుతుంది. ఆటోమేటిక్ బండి ‘పి’లో ఉన్నా దొర్లుతుంది. ఇంజన్‌కూ చక్రాలకూ అప్పుడు సంబంధం ఉండదు మరి. కాబట్టి చదునైన చోట ఆపండి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ రాళ్లు పెట్టండి. ఇంజన్ నడుస్తుంటే బండి కిందికి ఎవరూ పోకూడదు.

మొదట బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజన్ ఆన్ చేస్తే చాలా బండ్లలో 13.8 నుంచి 14.4 మధ్యకు ఎక్కుతుంది. బ్యాటరీ 12 కన్నా కిందుంటే సెల్ఫ్ ఎలాగో కొట్టినా ఈ మోటారు సగంలో మొండికేయవచ్చు. తర్వాత ఫ్యూజులు. ఈ వ్యవస్థకు ఒకటి కన్నా ఎక్కువ ఉండవచ్చు, ఇంజన్ దగ్గరి డబ్బాలో ఒకటి, డాష్ కింద ఒకటి. బండితో వచ్చిన పుస్తకంలో ఏది ఎక్కడో రాసి ఉంటుంది. కంటితో చూసి బాగుందనుకోవద్దు, తీసి మీటర్‌తో చూడండి.

ఇక చెవులకు పని. ఇంట్లో ఎవరినైనా సీటులో కూర్చోబెట్టండి. తాళం ఆన్, ఇంజన్ ఆఫ్, గేరు న్యూట్రల్. మీరు డ్రైవరు తలుపు పక్కన వంగి కూర్చోండి. వాళ్లు నాబ్ తిప్పగానే డాష్ కింద రిలే ‘టక్’మంటుంది, ఆ వెంటనే బండి కింద మోటారు ఒకటి రెండు సెకన్లు ‘గుయ్’మంటుంది. టక్ లేదు, గుయ్ లేదు అంటే సిగ్నలే పోవడం లేదు, నాబ్, ఫ్యూజు, ఆ వైపు వైర్లు చూడాలి. టక్‌మని మోటారు మూగగా ఉంటే మోటారు, దాని వైర్లు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి) చూడాలి. రెండూ వినిపించి కూడా లైటు కొట్టుకుంటుంటే సెన్సర్‌గానీ, పళ్లు కలవకపోవడంగానీ. కొన్ని బండ్లు ఇంజన్ నడుస్తుంటేనే ఈ పని చేస్తాయి, అలాంటప్పుడు బయట నిలబడే వినండి.

నాబ్ పరీక్షకు బ్యాటరీ మైనస్ విప్పండి, నాబ్ బయటికి తీసి కప్లర్ ఊడదీయండి. మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, నాబ్ వెనక పిన్నుల్లో ఏ జత పిన్నుల మధ్య రీడింగ్ మారుతోందో వెతకండి. కొన్ని నాబ్‌లలో ఒక్కో స్థానానికి ఒక్కో రెసిస్టెన్స్ ఉంటుంది, కొన్నింటిలో కాంటాక్టు కలవడం విడిపోవడమే. ఎన్ని ఓమ్స్ రావాలన్నది కంపెనీ కంపెనీకి మారుతుంది, దాని కోసం టెన్షన్ పడొద్దు. మీరు చూడాల్సిందల్లా అదే స్థానంలో ప్రతిసారీ అదే అంకె వస్తోందా అని. పది సార్లు తిప్పండి. 4హెచ్‌లో ఉంచి నాబ్‌ను అటూ ఇటూ కొంచెం ఊపండి. అంకె గంతులు వేస్తే, నొక్కినప్పుడు ఒకటీ వదిలినప్పుడు మరొకటీ చూపిస్తే, నాబ్ పాడైనట్టే. అప్పుడు నాబ్ ఒక్కటే మార్చండి. రాణీగంజ్‌లో పార్ట్ నంబరు చూపించి అడగండి, పాత నాబ్ చేతిలో పట్టుకుని పోండి, పిన్నుల లెక్క సరిచూసుకుని కొనండి. కంట్రోల్ బాక్సు మార్చాలన్న మాట ఇప్పుడే ఒప్పుకోవద్దు. నా షెడ్డులో ఇంతకాలంలో బాక్సు నిజంగా పోయిన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

నాబ్ బాగుంటే కింద మోటారు కప్లర్ దగ్గరికి పోవాలి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2020 అక్టోబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి, మా రామంతాపూర్‌లోనూ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఘట్‌కేసర్ వైపు నుంచి కోళ్ల ఫారం ఆయన ఒకరు బండి తెచ్చారు, రెండు రోజులు నీళ్లలో నిలబడిన బండి. మీరు చెప్పిన లక్షణాలే. ఆ రోజుల్లో షెడ్డు నిండా బండ్లు, నాకు నిద్ర లేదు. మీటర్ పెట్టకుండా స్విచ్ మార్చి పంపేశాను. నాలుగో రోజు ఆయన మళ్లీ వచ్చారు. అప్పుడు కింద పడుకుని మోటారు కప్లర్ ఊడదీశాను. లోపలి రబ్బరు సీలు లేదు. నాలుగు పిన్నులు తళతళలాడుతున్నాయి, ఐదోదాని మీద పచ్చటి పొడి, నెమలి మెడ రంగులో. గుండుసూదితో తాకితే పిన్ను కొస విరిగి నా చెంప మీద పడింది. స్విచ్ డబ్బులు ఆయనకు తిరిగిచ్చాను. ఆయన ఏమీ అనలేదు. నాకే చాలా రోజులు మనసులో మెదిలింది.

ఆ పచ్చదనమే మీరు వెతకాల్సింది. కప్లర్ ఊడదీసి సెల్‌ఫోన్ లైటు వేసి రెండు వైపులా చూడండి. పొడి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితం వాడొద్దు, పిన్ను మీది పూత పోతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఉంటాయి, ముఖ్యంగా బండి రోజుల తరబడి కదలకుండా ఉన్నప్పుడు. మోటారు దాకా చేరే ఎర్త్ వైరును మాత్రం మీటర్‌తోనే తేల్చాలి. విప్పిన కప్లర్లూ బ్యాటరీ మైనస్సూ మళ్లీ బిగించి, తాళం ఆన్ చేసి, ఇంజన్ ఆఫ్‌లోనే ఉంచి మీటర్‌ను డీసీ 20 వోల్టుల్లో పెట్టండి. ఎర్ర పిన్ను మోటారు ఎర్త్ వైరుకు, నల్లది బ్యాటరీ మైనస్‌కు. మోటారు తిరిగేటప్పుడు 0.2 వోల్టుల లోపు చూపితే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, కింద పెయింటూ తుప్పూ గీకి మళ్లీ బిగించండి. కొన్ని బండ్లలో మోటారుకు రెండు వైర్లూ బాక్సు నుంచే వస్తాయి, విడిగా ఎర్త్ ఉండదు. అప్పుడు బాక్సు ఎర్త్ చూడాలి.

ఇవన్నీ బాగుండి మోటారు బద్ధకంగా మూలుగుతుంటే, అది వాడకపోవడం వల్ల బిగుసుకుని ఉండవచ్చు. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా 2హెచ్‌లోనే తిరిగి, పొలంలో దిగబడ్డ రోజు మాత్రమే 4హెచ్ అడిగితే మోటారులో గ్రీజు గట్టిపడి ఉంటుంది. మీరు పొలానికి పోయిన ప్రతిసారీ మట్టి దారిలో 4హెచ్ వేసి ఓ కిలోమీటరు నడిపి తీసేయండి. నెలకొకసారైనా చాలు.

పది సార్ల కాగితం, మీటర్ అంకెలు నాకు రాసి పంపండి. తర్వాతి సంచికలో ముందు మీకే జవాబిస్తాను.

ప్రశ్న: అనంతగిరి కొండల్లో బురద దారిలో 4హెచ్ వేశాను. తారు రోడ్డు ఎక్కాక 2హెచ్‌కు తిప్పినా లైటు పోలేదు. మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోయి బండి ఎగిరెగిరి పడినట్టయింది. పిల్లలు భయపడ్డారు. స్విచ్ పోయిందా? (అల్వాల్ నుంచి ఒక గృహిణి)

జవాబు: స్విచ్ పోలేదమ్మా. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం నడుస్తాయి. 4హెచ్‌లో ముందు వెనక షాఫ్టులు రెండూ ఒకటిగా లాక్ అయి ఉంటాయి. బురదలో చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తారు మీద జారదు. తడిబట్టను పిండినట్టు షాఫ్టుల్లో మెలి పడుతుంది, ఆ బిగువులో మోటారు పళ్లను విడదీయలేదు.

ఇంకోసారి అలా అయితే ట్రాఫిక్ లేని చోట ఆపి, నాబ్ 2హెచ్‌లో ఉంచి, స్టీరింగ్ తిన్నగా పెట్టి నాలుగైదు మీటర్లు రివర్సు పోనివ్వండి. తర్వాత ముందుకు. ఒక పక్క చక్రాలు మట్టిలో ఉంటే ఇంకా తేలిక. ‘టక్’మని విడిపోవడం మీకే తెలుస్తుంది. తారు రోడ్డు ఎక్కకముందే 2హెచ్‌కు తిప్పడం అలవాటు చేసుకోండి. టైర్లు నాలుగూ ఒకే సైజేనా, రెండు కొత్తవీ రెండు బాగా అరిగినవీ ఉన్నాయా అన్నది కూడా చూడండి, అరుగుదలలో తేడా ఉంటే తిన్నటి రోడ్డు మీద కూడా ఈ మెలి పడుతుంది.

ప్రశ్న: వాన పడి మలక్‌పేటలో రోడ్ల మీద నీళ్లు నిలిచినప్పుడు 4హెచ్ వేసుకుని దాటవచ్చా?

జవాబు: నీళ్ల కింద ఉన్నది తారే కాబట్టి 4హెచ్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంజన్‌లోకి నీళ్లు పోకుండా అది ఆపలేదు. చక్రం మధ్య దాకా నీళ్లుంటే ఆగిపోవడమే మంచిది. ఇప్పటికే అలాంటి నీళ్లలో నడిపి ఉంటే, మర్నాడు ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక యాక్సిళ్లకు ఆయిల్ పోసే బోల్టులు విప్పించి ఆయిల్‌ను వేలితో తీసి చూడండి. వేడి మీదున్న యాక్సిల్ చన్నీళ్లలో చల్లబడినప్పుడు సీళ్లలోంచీ గాలి గొట్టంలోంచీ నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తే నీళ్లు కలిసినట్టే, బండి ఇంకా తిప్పకుండా ముందు దాన్ని మార్పించండి.